ఫోన్ కెమెరా, అత్త కోపం, అమ్మ చీటీ డబ్బు

అమలాపురానికి దగ్గర్లోని ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసిన అమ్మాయి పేరు, ఊరు వేయొద్దంది. 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. నాన్న తోటల్లో కొబ్బరి దింపులు కొని అంబాజీపేట మార్కెట్‌కి తోలే చిన్న వ్యాపారి. నరసాపురం వైపు నుంచి కోడలిగా వచ్చిన నాయనమ్మ ఇప్పటికీ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతుందట. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్నయ్య తను వాడిన ఫోన్ ఇచ్చినప్పటి నుంచి ఈ అమ్మాయికి ఫోటోల పిచ్చి పట్టుకుంది. తెల్లవారుజామున కాలవ గట్టు, మంచులో చేలు, ఏరు దాటించే పంటు మీద జనం, ఇలా కనపడిందల్లా తీస్తోంది. "కానీ నా ఫోటోలు బూడిదరంగులో, మసకగా వస్తాయి. మా ఫ్రెండ్ వాళ్లన్నయ్య లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా డీఎస్‌ఎల్‌ఆర్‌తో తీస్తే అదే చేను మెరిసిపోతుంది" అని రాసింది.

అసలు కష్టం వేరే ఉంది. ఈ దాళ్వా (రెండో పంట) ఊడ్పులప్పుడు రోడ్డు మీద నిలబడి, జూమ్ చేసి, చేలో వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్ల ఫోటో ఒకటి తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. ఎవరిదో పెద్ద పేజీ దాన్ని తీసుకుని తన దాంట్లో వేసుకుంది. కింద చీర ఎగదోపుకోవడం మీద వెకిలి కామెంట్లు. ఫోటోలో ముందున్న ఆవిడ వీళ్లకి అత్త వరస. ఆవిడ కొడుకు ఇంటి మీదకొచ్చి నలుగురూ వినేలా అరిచి వెళ్లాడు. నాన్న ఒకటే మాట అన్నాడు, "ఇక ఫోటోలు చాలు". ఇదిలా ఉండగా టౌన్లో ఒక స్టూడియో యజమాని, "పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు తీయడానికి అమ్మాయి కావాలి, నెలకి ఏడు వేలిస్తాను" అన్నాడు. సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి 32 వేలకి బేరం వచ్చింది. అమ్మకి చీటీ డబ్బు 40 వేలు వస్తున్నాయి. "నాన్నకి చెప్పకుండా కొనుక్కో" అంటోంది అమ్మ. కెమెరా కొనాలా, స్టూడియోలో చేరాలా, నాన్నని ఎలా ఒప్పించాలి, ఫోటోలు ఎలా బాగుపడాలి? ఇవీ ఆ అమ్మాయి ప్రశ్నలు.

అమ్మాయ్, నువ్వు నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడిగావు. నీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు రెండు కష్టాలకి ఒకటే కారణం కనిపించింది. ఫోటో మసకగా రావడానికీ, అత్త కొడుకు ఇంటి మీదకి రావడానికీ మూలం నువ్వు దూరం నుంచి తీయడమే. రోడ్డు మీద నిలబడి జూమ్ చేశావు. దగ్గరకి వెళ్లి ఉంటే ఫోటో స్పష్టంగా వచ్చేది. వెళ్లాలంటే అత్తని పలకరించాల్సి వచ్చేది కూడా. పలకరించి ఉంటే ఆవిడ "ఉండవే, చీర సరిచేసుకోనీ" అనో, "నన్నొద్దు, ఆ నారుకట్టలు తీసుకో" అనో అనేది. ఆవిడ ఏమన్నా సరే, గొడవ అయ్యేది కాదు.

ముందు జూమ్ సంగతి చూద్దాం. నీ ఫోన్లో దూరానికి వేరే టెలిఫోటో లెన్స్ ఉంటే తప్ప, స్క్రీన్ మీద రెండు వేళ్లతో లాగే జూమ్ నిజంగా దేన్నీ దగ్గరకి తేదు. తీసిన బొమ్మలో మధ్య ముక్క కత్తిరించి పెద్దది చేస్తుందంతే. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. 12 మెగాపిక్సెల్ ఫోటోలో రెండింతలు జూమ్ చేస్తే నీకు మిగిలేది నాలుగో వంతు, అంటే 3 మెగాపిక్సెల్. నాలుగింతలు చేస్తే ఒక మెగాపిక్సెల్ కూడా ఉండదు. లేని వివరాన్ని ఫోన్ తనే ఊహించి నింపుతుంది. నారు ఆకులు పచ్చరంగు పూసినట్టు ముద్దగా కనపడుతున్నాయని రాశావే, అది ఇదే. దీనికి మందు 32 వేల కెమెరా కాదు, పది అడుగులు ముందుకు నడవడం.

బూడిదరంగుకి కారణం వేరు. కెమెరాకి తన ముందున్నది మంచో, బొగ్గో తెలియదు. ఏది చూపించినా దాన్ని మధ్యరకం వెలుగుకి తేవాలని చూస్తుంది. సంక్రాంతి రోజుల్లో మంచు కప్పిన చేను నిజానికి తెల్లగా ఉంటుంది. ఫోన్ మాత్రం "అమ్మో, వెలుగు ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. అందుకే తెల్లటి మంచు మురికినీళ్ల రంగులో వస్తుంది. బోదె పక్కన వాలిన కొంగలూ, ఆత్రేయపురం పూతరేకులూ తీసినా ఇదే జరుగుతుంది. స్క్రీన్ మీద నీకు ముఖ్యమైన చోట వేలితో నొక్కు. చాలా ఫోన్లలో పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కొంచెం పైకి జరుపు. మంచు తెల్లబడుతుంది. కొబ్బరి తోటలో దీనికి ఎదురు పని చేయాలి. అక్కడ నీడ ఎక్కువ కాబట్టి ఫోన్ వెలుగు పెంచేస్తుంది, ఆకుల సందుల్లో ఆకాశం తెల్ల కాగితంలా మాడిపోతుంది. ఆ గుర్తుని కిందకి జరపాలి. ఫోటోలో నీడ మరీ నల్లగా ఉంటే తర్వాత కొంత లేపుకోవచ్చు. మాడిపోయిన ఆకాశం మాత్రం తిరిగి రాదు.

ఇంకో అనుమానం, నవ్వకు. లెన్స్ తుడుస్తున్నావా? మన ఇళ్లలో చేతికి కొబ్బరినూనె అంటనిదెప్పుడు! ఆ వేలిముద్ర లెన్స్ మీద పడితే వీధి లైట్ల చుట్టూ పొగలా వస్తుంది, ఎండకి ఎదురుగా తీస్తే ఫోటో మొత్తం పాలిపోతుంది. మెత్తటి పాత నూలు గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకో. ఇసుక అంటిన చున్నీ కొంగుతో మాత్రం వద్దు.

నాట్లు వేసే చేతులు కదిలిపోయినట్టు వస్తున్నాయన్నావు. చాలా ఫోన్ కెమెరాల్లో ఎపర్చర్, అంటే వెలుగు వచ్చే కన్నం, మారదు. మారేవి రెండే. వెలుగుని ఎంతసేపు రానివ్వాలనే షట్టర్ స్పీడు ఒకటి, ఆ వెలుగుని ఎంత పెంచి చూపాలనే ఐఎస్ఓ ఇంకొకటి. పొద్దున్నే వెలుగు తక్కువ కాబట్టి ఫోన్ షట్టర్‌ని సెకనులో ముప్ఫయ్యో వంతు దాకా తెరిచి ఉంచుతుంది. అంతలో చెయ్యి నారుకట్ట మీద నుంచి బురదలోకి వెళ్లిపోతుంది. ఇవి మనమే మార్చుకునే ప్రో మోడ్ నీ ఫోన్ కెమెరాలో ఉంటే షట్టర్‌ని సెకనులో ఐదువందలో వంతుకి (1/500) పెట్టు. ఫోటోలో కొంచెం గింజలు కనపడతాయి, పర్వాలేదు, చెయ్యి నిలుస్తుంది. ప్రో మోడ్ లేకపోతే ఇంకో గంట ఆగు. వెలుగు పెరిగితే షట్టర్ తనే వేగమవుతుంది. అలాగని మిట్టమధ్యాహ్నం దాకా ఆగొద్దు. మే మొదటి వారంలో మన దగ్గర సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, కళ్ల కింద గుంటలు తప్ప ముఖం కనపడదు.

తెల్లవారుజామున నువ్వొక్కదానివే గట్టు మీద తిరగడం గురించి ఇంట్లో అంటున్నారని ఒక వాక్యంలో రాసి వదిలేశావు. మీ అన్నయ్య తిరిగితే ఎవరూ అడగరు, నాకు తెలుసు. అది న్యాయం కాదు. అయినా ఈ గొడవ చల్లారే దాకా ఆ ఒక్క విషయం మీద పట్టుబట్టకు. సాయంత్రం వెలుగు కూడా అంతే బాగుంటుంది, జనసంచారం ఉంటుంది, నాన్న ఇంటికొచ్చే వేళ కూడా అదే. మంచు కావాలంటే మీ డాబా ఎక్కు. లేదా చెల్లెలినో, ఫ్రెండ్‌నో వెంట తీసుకెళ్లు. మనిషి పక్కనుంటే ఫోటోకీ పనికొస్తుంది, ఎంత పొడుగు చేనో చూపడానికి.

ఇక అత్త సంగతి. ఇది అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. నీ అకౌంట్‌లో ఆ ఫోటో ఇంకా ఉంటే ఇవాళే తీసెయ్. నువ్వు తీసేస్తే ఆ పేజీలోది పోదు, దాని సంగతి వేరుగా చూడాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఆ ఫోటోకి మొదటి హక్కుదారువి నువ్వే. కాబట్టి ముందు ఆ పేజీ వాళ్లకి "నా అనుమతి లేకుండా పెట్టారు, తీసేయండి" అని మెసేజ్ పెట్టు. వినకపోతే ఇన్‌స్టాగ్రామ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదుకి ఫారం ఉంది, అది నింపు. నీ హక్కు నిన్ను కాపాడటానికే కాదు, ఈసారి అత్తని కాపాడటానికి పనికొస్తుంది. పేజీలో ఉన్న కామెంట్లు మరీ బూతులైతే, పోస్టు తీసేయించే ముందే వాటిని స్క్రీన్ షాట్లు తీసి దాచు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆ నిర్ణయం మాత్రం అత్తకి వదిలెయ్, నువ్వు తీసుకోకు. ఫిర్యాదు అంటే ఆ ఫోటో ఇంకో నలుగురి ముందుకి వెళుతుంది. ఆవిడకి అది ఇష్టమో కాదో అడగాలి కదా.

ఆ తర్వాత అమ్మని తీసుకుని అత్త ఇంటికి వెళ్లు. కొడుకు లేని వేళ చూసుకుని వెళ్లమని అనను, అతను ఉంటేనే మంచిది, లేకపోతే దొంగచాటుగా వచ్చారంటాడు. ఫోన్ చేతిలో పట్టుకుని వెళ్లకు. "తీసేశాను అత్తా, అడక్కుండా తీయడం తప్పే" అను, అక్కడితో ఆపు. "కానీ నేను మంచి ఉద్దేశంతోనే..." అని మొదలెట్టకు. ఆ మాటతో క్షమాపణ కాస్తా వాదన అయిపోతుంది. ఆవిడ కరగొచ్చు, కరగకపోవచ్చు. కరక్కపోయినా ఊళ్లో నీ గురించి నడిచే మాట మారుతుంది. వెళ్లకుండా ఊరుకుంటే గొడవని కొన్నాళ్లకి అందరూ మర్చిపోతారు, అదీ నిజమే. కానీ వచ్చే సార్వా (తొలి పంట) ఊడ్పులకి నువ్వు ఏ చేలోకి దిగినా నిన్ను చూసి ముఖాలు తిప్పుకుంటారు.

మనుషుల్ని తీసేటప్పుడు నేను చెప్పే పద్ధతి ఇది. ముందు అడుగు. తీశాక వాళ్లకే మొదట చూపించు. వద్దంటే వాళ్ల ఎదురుగానే డిలీట్ చెయ్. బాగా వచ్చినదాన్ని ప్రింటు వేయించి ఇవ్వు. ఎక్కడైనా పెట్టాలనుకుంటే దానికి మళ్లీ విడిగా అడుగు, ఎందుకంటే తీయనివ్వడం వేరు, ఊరంతా చూడనివ్వడం వేరు. అడిగితే సహజత్వం పోతుంది, అందరూ బిగుసుకుపోతారు అని కొందరు ఫోటోగ్రాఫర్లు వాదిస్తారు. మొదటి ఐదు నిమిషాలు బిగుసుకుంటారు, నిజమే. పని ఆగదు కదా, కాసేపటికి నిన్ను మర్చిపోయి మాటల్లో పడతారు. అప్పుడు తియ్.

ఇంకో దారి కూడా ఉంది. కొన్నాళ్లు ఊళ్లోవాళ్ల జోలికే పోకుండా ఇంట్లోనే తీయడం. నాయనమ్మ లేసు అల్లుతుందని రాశావు చూడు, నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే నచ్చిన వాక్యం అది. ఎందుకో దాని ఫోటో ఒక్కటి కూడా తీసినట్టు రాయలేదు. అరుగు మీద ఎండ నేరుగా పడదు, ఒక పక్క నుంచి మెత్తటి వెలుగు వస్తుంది. స్టూడియోల వాళ్లు తెల్ల గొడుగులు పెట్టి తెచ్చుకునేది ఆ వెలుగే. నాయనమ్మని గోడ వైపు కాకుండా వీధి వైపు ఒక చెంప ఉండేలా కూర్చోబెట్టు. ఒకసారి ముఖం, ఒకసారి వేళ్లూ సూదీ మాత్రమే, ఒకసారి ఒళ్లో పడిన లేసు. లేసుని నల్లటి చీర మీద పరిచి తీస్తే పువ్వులు విడిగా లేస్తాయి. దారం మీద వేలితో నొక్కి ఫోకస్ పెట్టు, లేకపోతే ఫోన్ వెనక చీరని పట్టుకుంటుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాల వేళ ఒకసారి అదే చోట తీసి పక్కపక్కన పెట్టుకో. వెలుగు గురించి నేను రాసేదాని కంటే ఆ మూడు ఫోటోలే ఎక్కువ చెబుతాయి. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లి తీయాలని ఉందన్నావు. వెళ్లు, కనుమ నాడు కౌశిక ఏరు దాటించే ప్రభని ఫోటో తీయొద్దనేవాళ్లు ఎవరూ ఉండరు. అయితే అక్కడ నీ పక్కన వందమంది అదే ఫోటో తీస్తుంటారు. మీ నాయనమ్మని తీసేది నువ్వొక్కదానివే.

స్టూడియో ఉద్యోగం గురించి నాకు రెండు మనసులు. లాభం ఏమిటంటే, కొనకుండానే మంచి కెమెరా చేతికొస్తుంది. ఫ్లాష్ ఎలా వాడాలో, కదిలే జనంలో ఎక్కడ నిలబడాలో, ఆల్బమ్ ఎలా కూర్చాలో ఇంట్లో కూర్చుని నేర్చుకోలేవు. ఓణీల ఫంక్షన్లకి, పెళ్లికూతురిని చేసే చోటికి ఆడపిల్ల కెమెరా పట్టుకుని వస్తే ఆడవాళ్లు హాయిగా ఉంటారు, ఆ అవసరం నిజంగానే ఉంది. నష్టాలూ అడుగడుగునా ఉన్నాయి. ముహూర్తాలు అర్ధరాత్రి, తెల్లవారుజామున ఉంటాయి. ఇంటికి ఎవరు దింపుతారు? మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పెళ్లిళ్లతో నిండిపోతాయి, ఆ నెలల్లో కాలేజీ హాజరు ఏమవుతుంది? ఆషాఢంలోనూ, మూఢంలోనూ పెళ్లిళ్లు ఉండవు, అప్పుడూ ఏడు వేలు ఇస్తాడా? ఇవన్నీ చేరకముందే అడుగు. జీతానికి పనిచేస్తూ తీసిన ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిది. డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లకీ హక్కు ఉండొచ్చు. అంటే అక్కడ తీసిన మంచి ఫోటోలు నీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి వీల్లేకపోవచ్చు. అదీ ముందే తేల్చుకో. నా భయం ఇంకొకటుంది. చాలా స్టూడియోల్లో ఎడిటింగ్ అంటే ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా చేయడమే. చామనఛాయ పెళ్లికూతురు ఆల్బమ్‌లో తన ముఖాన్ని తనే గుర్తుపట్టలేదు. ఆ అలవాటు కంటికి పట్టకుండా చూసుకోవాలి. సెలవుల్లో మాత్రం, పగటి ఫంక్షన్లకి మాత్రం వస్తానని ఒక బేరం పెట్టి చూడు. ఒప్పుకుంటే జీతం తగ్గుతుంది, చదువు చెడదు. ఒప్పుకోకపోతే డిగ్రీ అయ్యాక చూసుకోవచ్చు, పెళ్లిళ్లు ఎక్కడికీ పోవు.

కెమెరా విషయానికొస్తే, అది వద్దని నేననను. చీకట్లో పెళ్లిపందిరి, కోరింగ మడ అడవుల్లో పక్షులు, వెనకంతా మసకబారి ముఖం ఒక్కటే నిలిచే బొమ్మలు, వీటికి ఫోన్ కంటే పెద్ద సెన్సరూ (వెలుగుని పట్టే పలక), అసలైన లెన్సూ కావాల్సిందే. మంచులో చేనుకీ, నాయనమ్మకీ ఇప్పుడున్న ఫోన్ చాలు. పెద్ద కంపెనీల కొత్త కెమెరాలు దాదాపు అన్నీ లోపల అద్దం లేని మిర్రర్‌లెస్‌లోనే వస్తున్నాయి కాబట్టి పాత డీఎస్‌ఎల్‌ఆర్‌ల ధర తగ్గుతూనే ఉంటుంది. ఆరు నెలలు ఆగితే నీకేమీ నష్టం లేదు. ఆగలేనంటావా, చూసుకుని కొను. లెన్స్ తీసి ఒక వైపు నుంచి టార్చి వేసి ఇంకోవైపు నుంచి చూడు, లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనపడితే అది ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దు. మన తేమకి అది తొందరగా పెరుగుతుంది. ఎపర్చర్‌ని ఎఫ్ 16కి, అంటే బాగా చిన్న కన్నానికి పెట్టి ఆకాశాన్ని తీసి పెద్దది చేసి చూడు, నల్ల చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము. షట్టర్ ఎన్నిసార్లు నొక్కారో లెక్క అడుగు, చెప్పడానికి తడబడితే అది పెళ్లిళ్లు చేసి అలిసిపోయిన కెమెరా అని అర్థం చేసుకో. కొన్నాక బీరువాలో బట్టల మధ్య పెట్టకు, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచు.

నాకు అభ్యంతరం డబ్బు దగ్గర లేదు, "నాన్నకి చెప్పకుండా" దగ్గర ఉంది. మీ అమ్మది మంచి మనసు, తన చీటీ డబ్బు తన ఇష్టం కూడా. కానీ కెమెరా దాచిపెట్టేంత చిన్న వస్తువు కాదు, వాడాలంటే బయటకి తీయాలి. నాన్నకి తెలిసిన రోజున గొడవ నీతో కాదు, అమ్మతో జరుగుతుంది. ఆయన ఫోన్ లాక్కోలేదని గుర్తుంచుకో. ఆయనకి ఫోటోల మీద కోపం కంటే, వీధిలో నలుగురి ముందు మాట పడ్డ బాధ ఎక్కువ. అత్త ఇంటికి వెళ్లొచ్చాక ఆయనతో మాట్లాడితే నీ మాటకి బరువు ఉంటుంది. వెళ్లకముందు మాట్లాడితే ఎంత చెప్పినా మొండితనంగానే వినిపిస్తుంది.

మాట్లాడటానికి మొహమాటమైతే ఆయన పనిలోంచి మొదలెట్టు. కొబ్బరి ఒలుపు జరిగే చోట పక్క నుంచి ఎండ పడుతుంటే పీచు దుమ్ము గాలిలో ఎంత బాగా కనపడుతుందో చూశావా? ఒలిచేవాళ్లని అడిగి తియ్. కాయల రాశి ఫోటో తీసేటప్పుడు కాయ సైజు తెలిసేలా పక్కన ఒక మనిషిని నిలబెట్టు, నాన్న ఎవరికైనా సరుకు చూపించాలంటే పనికొస్తుంది. ఇది ఆయన్ని బుట్టలో వేసే ఉపాయంగా చేయకు, వెంటనే పసిగడతాడు. పది రోజుల తర్వాత కూడా ఆయన "వద్దు" అంటే, ఎందుకు వద్దో అడుగు. "రాత్రిళ్లు తిరగొద్దు", "జనాన్ని తీయొద్దు", "చదువు పోతుంది", ఈ మూడింటిలో ఏది కారణమైతే దానికి జవాబు వేరు. మొత్తం వద్దంటే కొన్నాళ్లు నాయనమ్మతో, పెరటితో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. అది నీకు కష్టంగానే ఉంటుంది. అన్నయ్య చేత ఫోన్‌లో చెప్పించడం ఆఖరి దారి. దాంతో పని జరగొచ్చు, కానీ నీ విషయం నీ నోటితో తేలలేదని నాన్నకీ గుర్తుంటుంది, నీకూ గుర్తుంటుంది.

నాయనమ్మ ఫోటోలు పంపిస్తే, ఆవిడ సరేనంటేనే సుమా, చూసి నాకు తోచింది చెబుతాను. వాట్సాప్‌లో మామూలుగా పంపకు, డాక్యుమెంట్‌గా పంపు. మామూలుగా పంపితే అది ఫోటోని కుదించేస్తుంది. అప్పుడు లేసు మసకగా కనపడితే తప్పు నీ ఫోకస్‌దో, వాట్సాప్‌దో నేను చెప్పలేను.